కాలకేయులకు కారణం అక్కర్లేదా?

‘బాహుబలి’ మొదటి భాగం 2015లో వచ్చింది. అందులోని ప్రతినాయకుడు భల్లాలదేవుడి మీద వాదన మాత్రం ఇంకా తెగలేదు. వాడి పుట్టుకే అంతా? లేక తండ్రి బిజ్జలదేవుడు నూరిపోసిన కక్ష వాణ్ని అలా తయారుచేసిందా? ఈ ప్రశ్నకు తావిచ్చేలాగే కథ అల్లారు విజయేంద్రప్రసాద్, రాజమౌళి. తల్లి శివగామి భల్లాలుడికీ, బాహుబలికీ తన పాలే ఇచ్చింది. ఇద్దరూ ఒకే కోటలో పెరిగారు, ఒకే విద్య నేర్చారు. తేడా ఎక్కడుందో తెలియాలంటే, వాళ్ల రాజ్యం మాహిష్మతి మీదికి దండెత్తిన కాలకేయులతో యుద్ధాన్ని జాగ్రత్తగా చూడాలి. శత్రువు మాహిష్మతి ప్రజలనే బందీలుగా పట్టుకొచ్చి ముందు నిలబెట్టాడు. భల్లాలుడి రథం వాళ్ల మీదుగానే దూసుకుపోయింది. బాహుబలి ముందు వాళ్లను కాపాడి, తర్వాత శత్రువు మీదికి వెళ్లాడు. కాలకేయ నాయకుణ్ణి చంపినవాడికే పట్టమని శివగామి ముందే చెప్పింది. చంపింది భల్లాలుడు, పట్టం బాహుబలికి దక్కింది. మనిషి చెడిపోవడానికి ఆ గాయం చాలదా అంటారు భల్లాలుడి తరఫున మాట్లాడేవాళ్లు.

నేను మాత్రం ఆ రథం దగ్గరే ఆగుతాను. పట్టం చేజారింది ఆ తర్వాత. బందీల మీదికి రథం తోలేనాటికి వాడికి ఎవరూ ద్రోహం చేయలేదు. తండ్రి సణుగుడు చెవిలో ఉంటే ఉండొచ్చు. రథం ఎటు నడపాలో తేల్చుకున్నది మాత్రం వాడే. అందుకే భల్లాలుడు మంచి ప్రతినాయకుడు. వాడి చెడుకు కారణాలు కనిపిస్తాయి, ఆ చెడుకు జవాబుదారీ వాడేనన్నదీ కనిపిస్తుంది.

ఒక రాకుమారుడి గురించి ఇంత విచారణ చేస్తాం. అదే యుద్ధంలో అవతలివైపు వేలమంది ఉన్నారు. వాళ్లు పుట్టుకతో దుర్మార్గులా, మధ్యలో అయ్యారా అని ఎవరూ వాదించుకోరు. నల్లరంగు పులిమిన ఒళ్లు, వికారమైన వేషం, మనకు అర్థంకాని భాష, అంతే వాళ్లు. వాళ్లకోసం మదన్ కార్కీ కిలికి అనే కొత్త భాషనే సృష్టించాడు. వందల మాటలు, వాటికో వ్యాకరణం కూడా కట్టాడు. ఆ శ్రమను గౌరవిస్తాను. అయితే వ్యాకరణం దాకా వెళ్లిన ఆ శ్రద్ధ వాళ్ల బతుకు దాకా రాలేదు. దోచుకోవడానికి వచ్చారన్నది తెలుసు. ఎక్కణ్ణించి వచ్చారు, ఏ కరువు తరిమితే వచ్చారు, వెనక ఇళ్ల దగ్గర ఎవరున్నారు? సినిమాకు ఆ అవసరమే పడలేదు. చెడ్డవాడుగా మారే హక్కు కూడా రాజుల బిడ్డలదే అయింది. మిగతావాళ్లు చెడ్డవాళ్లుగానే పుడతారు.

ప్రతి దుర్మార్గుడికీ బాల్యం చూపించాలని నేననడం లేదు. 1951 నాటి ‘పాతాళభైరవి’లో నేపాళ మాంత్రికుడికి గతం లేదు. ఉంటే బాగుండేదని నాకెప్పుడూ అనిపించలేదు. ఎస్వీ రంగారావు కళ్లు, ఆ మాట విరుపు, ఆ ఆశ చాలు. ఒక మనిషిని ఒక మనిషిగా చెడ్డవాడని చూపితే ఆ చెడు అతనిదే. ఒక జాతిని మొత్తంగా అలా చూపినప్పుడే నాకు భయమేస్తుంది.

ఈ విషయంలో పాత కథలకు మనకన్నా ఓపిక ఎక్కువ. బాలకాండలో తాటక ఘట్టం చూడండి. విశ్వామిత్రుడి వెంట అడవికి వచ్చిన రాముడికి అది మొదటి యుద్ధం. బాణం తీయడానికి ముందు అతనికొక సందేహం వచ్చింది: యక్షులు అల్పబలులంటారే, ఈమెకు వెయ్యేనుగుల బలం ఎలా వచ్చింది? అప్పుడు విశ్వామిత్రుడు ఆమె కథంతా చెప్పాడు. సుకేతుడనే యక్షుడు సంతానం కోసం తపస్సు చేస్తే బ్రహ్మ కూతురినిచ్చాడు, ఆ బలమూ ఇచ్చాడు. ఆ పిల్ల అందగత్తె. సుందుణ్ణి పెళ్లాడింది, మారీచుణ్ణి కన్నది. సుందుడు అగస్త్యుడి వల్ల చచ్చిపోయాడు. మొగుణ్ణి పోగొట్టుకున్న ఆ మనిషి కొడుకును వెంటబెట్టుకుని మునిమీదికి పోయింది. ఆయన శపించాడు. కొడుకు రాక్షసుడయ్యాడు, ఆమె మనుషుల్ని తినే వికృతరూపి అయింది. అగస్త్యుడు తిరిగిన నేలను పాడుపెట్టడం మొదలుపెట్టింది.

ఇదంతా చెప్పింది ఎవరు? ఆమెను చంపమని తీసుకొచ్చినవాడే. కథ చెప్పి, ఆడదని జాలిపడొద్దు, చంపు అన్నాడు. రాముడు చంపాడు. కారణం చెబితే నేరాన్ని మాఫీ చేసినట్టవుతుందని మనలో చాలామందికి బెరుకు. ప్రతినాయకుడికి గతం రాస్తే చాలు, వాణ్ని వెనకేసుకొస్తున్నారని గొడవ. తాటక కథలో మాఫీ ఏమీ లేదు. ఆమె వల్ల ఊళ్లు పాడైన మాట నిజం, ఆమె మొగుడు చచ్చిన మాటా నిజం. రెండూ విన్నాకే రాముడు బాణం వేశాడు.

పుట్టుకే అంతా తేల్చేస్తే విభీషణుడు ఎక్కణ్ణించి వస్తాడు? రావణుడు, శూర్పణఖ, విభీషణుడు ముగ్గురూ కైకసి కడుపునే పుట్టారు. హిరణ్యకశిపుడికి ప్రహ్లాదుడు పుట్టాడు. అలాగని గాయమే అంతా తేలుస్తుందనీ నేను నమ్మను. 2015లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి పొందిన ఓల్గా ‘విముక్త’లో శూర్పణఖ ఉంది. ముక్కుచెవులు పోగొట్టుకున్న ఆడది పగబట్టి రాక్షసి కావడానికి అన్ని హక్కులూ ఉన్నాయి. ఓల్గా శూర్పణఖ కొంతకాలం ఆ పగలోనే కాలింది. తర్వాత తోట పెంచుకుంది, తనను చూడవచ్చిన సీతతో స్నేహంగా మాట్లాడింది. ఎవరు ఏమవుతారో చివరిదాకా చూడాలనే రచయిత్రి అక్కడ కనిపిస్తుంది.

ఇంగ్లిష్ ఫాంటసీకి పెద్దదిక్కైన టోల్కీన్‌నూ ఈ ముల్లు గుచ్చుతూనే ఉంది. ఆయన ఓర్క్‌లు మన కాలకేయుల్లాంటి సైన్యమే. అయితే ఆయన గట్టి కేథలిక్కు. చెడు దేన్నీ కొత్తగా సృష్టించలేదు, ఉన్నదాన్ని పాడుచేయగలదు అంతేనని ఆయన నమ్మకం. మరి ఓర్క్‌లు ఎక్కణ్ణించి వచ్చారు, వాళ్లకు విమోచన ఉందా అన్నది చివరిదాకా తేల్చుకోలేకపోయాడు. తేల్చుకోలేకపోవడమే ఆయన నిజాయితీ అనుకుంటాను. 1954లో వచ్చిన ‘ది టూ టవర్స్’లో శామ్ అనే తోటమాలి తన కళ్లముందు పడి చచ్చిన శత్రు సైనికుణ్ణి చూసి ఆగుతాడు. వీడి పేరేమిటో, ఏ ఊరో, నిజంగా చెడ్డవాడేనా, ఏ అబద్ధాలు చెప్పి ఇంతదూరం నడిపించారో అనుకుంటాడు.

ఇది సినిమాల్లోనూ పుస్తకాల్లోనూ ఆగే సంగతైతే నేనింత పట్టించుకునేవాణ్ని కాదు. పుట్టుకతోనే నేరస్తులు అనే మాటను మన దేశంలో చట్టంగా రాశారు. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ తెగల చట్టం తెచ్చి, కులాలకు కులాలనే జాబితాకెక్కించింది. తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీకీ అది వచ్చింది. బాపట్ల దగ్గర స్టువర్టుపురం అలా పుట్టిన సెటిల్మెంటే. 1913లో ఎరుకల కుటుంబాలను అక్కడ చేర్చి, చూసుకునే పని సాల్వేషన్ ఆర్మీకి అప్పగించారు. హాజరు వేయించుకోవాలి, ఊరు దాటాలంటే అనుమతి చీటీ ఉండాలి. దొంగతనం చేసినవాడికీ, చేయనివాడికీ, ఆ ఇంట పుట్టినందుకు అదే బతుకు. చట్టం 1952లో రద్దయింది. పేరు మీది మచ్చ రద్దు కాలేదు. కవి జాషువా కూతురు హేమలతా లవణం, ఆమె భర్త లవణం ఆ ఊరి మనుషుల మధ్య ఏళ్ల తరబడి పనిచేశారు, నేరం వదిలి బయటికి రాదలచుకున్నవాళ్లకు తోడు నిలిచారు.

2023లో ‘టైగర్ నాగేశ్వరరావు’ సినిమా టీజర్ వచ్చినప్పుడు, అది స్టువర్టుపురాన్నీ ఎరుకలవాళ్లనూ కించపరుస్తోందంటూ ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో పిటిషన్ పడింది. ఇలాంటి అభ్యంతరాలను సినిమావాళ్లు విడుదలకు అడ్డంకిగా చూస్తారు. కథ రాసుకునేటప్పుడే ఆ ఊరికి వెళ్లి వినదగిన మాటగా చూడమని నేను అడుగుతున్నాను. కల్పిత రాజ్యాల కథలు రాసేవాళ్లను కూడా ఇదే అడుగుతున్నాను. వాళ్ల కాలకేయులకు పిటిషన్ వేసే ఊరు లేదు కాబట్టి, వాళ్ల తరఫున ఆ ప్రశ్న రచయితే వేసుకోవాలి.