పిలిస్తే వెళ్దాం, బలం చూసుకుని వెళ్దాం

ప్రభుత్వం చర్చలకు పిలిచినప్పుడల్లా మన సంఘంలో ఒకే వాదన నడుస్తుంది. వెళ్తే నోరు కట్టేస్తారని కొందరు, వెళ్లకపోతే మన గోడు వినేదెవరని మరికొందరు అంటారు. రెండింటిలోనూ నిజముంది. ఐర్లాండు అనుభవం ఇందుకు ఉదాహరణ.

ఐరోపాలో యజమానులు, కార్మిక సంఘాలు కూర్చుని ఒప్పందాలు చేసుకునే పద్ధతిని సామాజిక భాగస్వామ్యం అంటారు. స్వీడన్‌లో 1938లోనే ఇటువంటి ఒప్పందం కుదిరింది. ఐర్లాండులోనైతే ఆ చర్చల్లో రైతు సంఘాలు కూడా కూర్చున్నాయి.

అంతకుముందు అక్కడ రైతుకూ కార్మికునికీ పడేది కాదు. 1979లో రైతులు అమ్ముకునే సరుకుపై 2 శాతం పన్ను వేయబోయిన ప్రభుత్వం, వారు తిరగబడగానే వెనక్కి తగ్గింది. పన్నుల భారమంతా మా జీతాల మీదేనా అంటూ కార్మికులు లక్షలాదిగా వీధుల్లోకి వచ్చారు. దేశం అప్పుల్లో కూరుకుపోయి, నిరుద్యోగం 17 శాతానికి చేరిన 1987లో మాత్రం ప్రభుత్వం, యజమానులు, కార్మికులు, రైతులు కలిసి ఒక ఒప్పందానికి వచ్చారు. కార్మికులు ఏడాదికి సుమారు 2.5 శాతం జీతం పెంపుతో సరిపెట్టుకున్నారు. బదులుగా ఆదాయపు పన్ను తగ్గిస్తామని ప్రభుత్వం మాటిచ్చింది. 2006 నాటికి ఇటువంటి ఒప్పందాలు 7 అయ్యాయి. సమ్మెలు తగ్గాయి, ఉద్యోగాలు పెరిగాయి.

కానీ కంపెనీలు సంఘాన్ని గుర్తించి తీరాలనే చట్టం మాత్రం ఆ కాలమంతా రాలేదు. చాలా విదేశీ కంపెనీల గేటు లోపలికి సంఘం అడుగు పెట్టలేకపోయింది. ఉద్యోగుల్లో సంఘ సభ్యుల వాటా తగ్గుతూ వచ్చింది. పైన నాయకులు చర్చల్లో ఉండగా, కింద పునాది కరిగింది. 2008లో బ్యాంకులు కుప్పకూలాయి. 2009 చివర చర్చలు విఫలమయ్యాక ప్రభుత్వం తన ఉద్యోగుల జీతాలు కోసేసింది. యజమానుల సంఘం జీతాల ఒప్పందం నుంచి తప్పుకుంది. 22 ఏళ్ల భాగస్వామ్యం అలా ముగిసింది.

ఒప్పందాన్ని నిలబెట్టేది సంతకం కాదు, సంతకం వెనకున్న జనబలం. మన ఢిల్లీ పోరాటం చెప్పిందీ అదే. 3 సాగు చట్టాలు 2021లో రద్దయ్యాయంటే రైతులు ఏడాదిపాటు రోడ్డు మీద నిలబడబట్టే. 2022లో మద్దతు ధరపై కమిటీ వేసి సంయుక్త కిసాన్ మోర్చాకు 3 స్థానాలిస్తామన్నారు. రద్దయిన చట్టాలను సమర్థించినవారితో నిండిన ఆ కమిటీలో మోర్చా చేరలేదు. మద్దతు ధరకు చట్టం చేయడమన్న మాటే కమిటీ పరిశీలనాంశాల్లో లేదు.

చర్చలకు వెళ్లడం తప్పు కాదు. మన ప్రతినిధిని మనమే ఎన్నుకోవాలి. ఏం మాట్లాడాలో ముందే రాతపూర్వకంగా ఉండాలి. కౌలు రైతుకూ, వ్యవసాయ కూలీకీ అక్కడ చోటుండాలి. ఏం ఒప్పుకున్నారో ఊరి సభలో చెప్పాలి. అన్నిటికన్నా ముందు, ప్రతి గ్రామంలో సంఘం సజీవంగా ఉండాలి. ఈ నెల సభ్యత్వ నమోదును ఆ దృష్టితోనే చేద్దాం.