పండ్రెండు గంటల ఆల్బము

1969వ సంవత్సరము అక్టోబరు 16వ తేదీన, లండను నగరమందలి రీజెంట్ సౌండ్ అను స్టూడియోలో, బర్మింగ్‌హామ్ నుండి వచ్చిన నలుగురు యువకులు తమ వాద్యములను అమర్చుకొని, క్లబ్బులలో రాత్రి వెంట రాత్రి వాయించుచు వచ్చిన పాటలనే వరుసగా వాయించి, సుమారు పండ్రెండు గంటలలో పని ముగించి వెడలిపోయిరి. ఆ దినపు ఫలితమే, మరుసటి యేట ఫిబ్రవరి 13వ తేదీ శుక్రవారమున వెర్టిగో సంస్థ విడుదల చేసిన ‘బ్లాక్ సబ్బాత్’ అను ఆల్బము. హెవీ మెటల్ సంగీతమునకు ఇదియే ఆదికృతియని నేడు అధికసంఖ్యాకులు అంగీకరించుచున్నారు. దీనిని గూర్చి ముచ్చటించువారందరును ఒక్క దినములో ముగిసినదన్న సంగతినే వింతగా చెప్పుకొందురు. ఆ దినమునకు పూర్వము గడచిన బ్రతుకును, ఆ దినమునకు పిదప విమర్శకులు చూపిన అనాదరమును కలిపి చూచినగాని ఈ కృతి విలువ తేటపడదని నా దృఢవిశ్వాసము.

ఆ నలుగురు టోనీ అయోమీ, గీజర్ బట్లర్, బిల్ వార్డ్, ఓజీ ఆస్‌బోర్న్. అందరును రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన మూడు నాలుగేండ్లకు పుట్టి, బర్మింగ్‌హామ్‌లోని ఆస్టన్ ప్రాంతమున పెరిగినవారు. జర్మను బాంబులకు కూలిన ఇండ్ల శిథిలములు ఆ తరము పిల్లలకు ఆటస్థలములు. ఊరినిండ పొగలు గ్రక్కుచున్న కర్మాగారములు, వారు పెద్దవారగునంతవరకు ఎదురుచూచుచున్న జీవనాధారములు. ఆస్‌బోర్న్ లూకస్ కర్మాగారమున కారు హారనులకు శ్రుతి కూర్చు పని చేసెను, కబేళాలో చేసెను, దొంగతనపు నేరమునకు జరిమానా చెల్లింపలేక కొన్ని వారములు చెరసాలలో గడపెను. బట్లర్ జమాఖర్చులు వ్రాయు గుమాస్తాగా పనిచేసెను. వార్డ్‌కు జీన్ క్రూపా, బడ్డీ రిచ్ వంటి జాజ్ డ్రమ్మర్లనిన ప్రాణము. సంగీతము వీరికి తీరిక వేళ విలాసము కాదు. ఫ్యాక్టరీ గేటుకు అవతలనున్న లోకమునకు కనబడిన ఒకే ఒక త్రోవ.

అయోమీ కథను కొంత నిదానముగా చెప్పుకొనవలెను. 1965లో, పదునేడేండ్ల వయసున, అతడు రేకుల కర్మాగారమున పనిచేయుచుండెను. ఒక బృందముతో జర్మనీకి పోయి వాయించు అవకాశము రాగా ఉద్యోగమునకు స్వస్తి చెప్పి, కడపటి దినమున మధ్యాహ్న భోజనమునకు ఇంటికి వచ్చి, ఇక తిరిగి పోనేల యనుకొన్న ఆ కుఱ్ఱవానిని, ఒప్పుకొన్న పనిని సగములో విడుచుట తగదని తల్లి మందలించి పంపెను. ఆ పూట యంత్రము నడుపవలసిన మనిషి రాకపోవుటచే ఇతనిని అచట నిలిపిరి. ఆ యంత్రము దిగి అతని కుడిచేతి నడిమివ్రేలి కొనను, ఉంగరపువ్రేలి కొనను త్రుంచివేసెను. అతనిది ఎడమచేతి వాటము గనుక తీగలను మీటునది ఎడమచేయి, అదుమునది కుడిచేయి. అనగా పోయినవి సరిగా స్వరమును నిలుపు వ్రేళ్లే. ఇక గిటారు మాట మఱచిపొమ్మని వైద్యులు చెప్పిరి. అట్టి నిరాశాసమయమున, కర్మాగారపు మేనేజరు ఒక రికార్డు తెచ్చి, బలవంతముగా వినిపించి, అందు వాయించుచున్న జాంగో రైన్‌హార్ట్ అను మహావాదకునకు అగ్నిప్రమాదమున రెండు వ్రేళ్లు చచ్చుపడినవని తెలిపెను. ఆ మాట కుఱ్ఱవానిని లేవదీసెను.

తరువాత అయోమీ చేసిన పని ఏ సంగీత కళాశాలయు నేర్పునది కాదు. ఫ్యాక్టరీ నేర్పిన చేతులే అది చేయగలవు. పాత్రలు కడుగు సబ్బునీటి ప్లాస్టిక్ సీసాను కరగించి ఉండచేసి, కాల్చిన టంకపు కడ్డీతో అందు రంధ్రము తొలిచి, వ్రేలికొనకు సరిగా పట్టువరకు అరగదీసి, తీగ మీద జారకుండుటకై పాత తోలుకోటు ముక్కను దానికి అంటించి, రెండు తొడుగులను తయారుచేసికొనెను. అవి ధరించిన వ్రేళ్లకు తీగ స్పర్శ తెలియదు. ఎంత బిగువుగా అదిమినదియు చెవియే విని చెప్పవలెను. మామూలు తీగలు ఆ వ్రేళ్లకు బరువు. సన్నని తీగల సెట్లు అంగళ్లలో దొరకని ఆ కాలమున బాంజో తీగలను తెచ్చి గిటారునకు బిగించుకొనెను. అనేక స్వరములను ఒక్కసారి పట్టుట కష్టమగుటచే, రెండు స్వరములనే జతచేసి, అవే గదినంతయు నిండునట్లు మ్రోగించుటను అభ్యసించెను. 1971లో వెలువడిన మూడవ ఆల్బము నాటికి, వ్రేళ్లకు శ్రమ తగ్గుటకై తీగలను మూడు అర్ధస్వరముల మేర సడలించగా, చేతికి సుఖమును నాదమునకు గాంభీర్యమును ఒక్కసారే సమకూడెను. నేడు లోకమందలి పెక్కు మెటల్ బృందములు వాడు దిగువశ్రుతికి ఇట్లు ఒక కార్మికుని గాయము దారిచూపినది.

ఆ చేతులతోను, హాంబర్గ్ నగరపు స్టార్ క్లబ్బులో దినమునకు పలుమారులు వేదికనెక్కి వాయించిన సాధనతోను వారు స్టూడియోలో అడుగిడిరి. నిర్మాత రోజర్ బేన్; యంత్రముల చెంత టామ్ ఆలమ్; ఉన్నది నాలుగు ట్రాకుల టేపు; అయిన ఖర్చు సుమారు 600 పౌన్లని ప్రతీతి. వాద్యకారులు ముగ్గురును కలిసి వాయించుచుండగా, ఆస్‌బోర్న్ ప్రక్కనున్న చిన్న అరలో నిలిచి అదే క్షణమున పాడెను. ‘వికెడ్ వరల్డ్’ అను పాట ముగియగానే అయోమీ వాయించుచున్న ఫెండర్ స్ట్రాటోకాస్టర్ గిటారు పికప్పు చెడిపోయెను. మరమ్మతునకు వ్యవధి లేదు. అతడు వెంటనున్న గిబ్సన్ ఎస్‌జి గిటారును అందుకొని తక్కిన ఆల్బమునంతయు దానితోనే పూర్తిచేసెను. నాటినుండి ఆ గిటారు రూపము అతనికి బిరుదువలె అంటియున్నది. మొదటి పాటకు ముందు వినబడు వాన, ఉఱుము, గంట మ్రోత మాత్రము తరువాత చేర్చినవి. కనుక ఒక్క దినములో ముగిసినది ధ్వనిముద్రణమే. రచన యేండ్ల తరబడి సాగినది. వారు పాటలను వెదకికొనుటకు స్టూడియోకు పోలేదు, తమకు కంఠస్థమైన పాటలను అప్పగించుటకు పోయిరి. ఒక్కొక్క స్వరమును విడదీసి దిద్దుకొనగల సౌకర్యము లభించిన ఈ కాలమున, దిద్దుబాటునే సృష్టిగా భ్రమించు ప్రమాదము ప్రతి కళాకారునకును కలదు. ఈ ఆల్బమున లయ అక్కడక్కడ ఉద్వేగముతో ముందునకు తొందరపడును. ఆ తొందరపాటున నలుగురును కలిసియే పోవుదురు. ఒకరి ఊపిరి మరొకరికి తెలిసిన బృందమునకు మాత్రమే అది సాధ్యము.

ఇక ఆ మొదటి పాటను చూతము. బృందమునకును ఆల్బమునకును ఉన్న పేరే దానికిని పేరు. అందలి ప్రధాన సంచారమున ఉన్నవి మూడే స్వరములు: ఒక స్వరము, దాని పైస్థాయి, పిమ్మట ఆ రెంటికిని సరిగా నడుమనుండు స్వరము. ఆ మూడవదాని మీద వ్రేలు కంపించుచు నిలిచిపోవును. ఆంగ్ల స్వరకర్త హోల్స్ట్ రచించిన ‘ప్లానెట్స్’ కృతిలోని అంగారక ఖండమనిన బట్లర్‌కు మక్కువ. ఈ సంచారమునకు ప్రేరణ అచటిదని చెప్పుదురు. ఈ స్వరాంతరమును పూర్వపు పాశ్చాత్య లాక్షణికులు సంగీతమందలి పిశాచమని నిందించిరి. మన లెక్కలో అది షడ్జమమునకును ప్రతిమధ్యమమునకును గల దూరము. డెబ్బదిరెండు మేళకర్తలలో ఉత్తరార్ధమందలి ముప్పదియారు రాగములును ఆ ప్రతిమధ్యమమును ధరించియే యున్నవి. పెండ్లిపందిళ్లలో సన్నాయి మీద మ్రోగు కల్యాణి వాటిలో ఒకటి. ఒకే దూరము ఒకచోట మంగళమై, మరియొకచోట గుండెలదరించునదై వినబడుటను బట్టి, స్వరమున స్వతస్సిద్ధమైన పుణ్యపాపములు లేవనియు, నడక, కాలప్రమాణము, నిలుపుదల అనునవియే దానికి ముఖకవళికలను దిద్దుననియు మనము గ్రహింపవచ్చును. ఈ బృందము ఆ మూడు స్వరములను ఎంత మెల్లగా నడిపినదనగా, స్వరమునకును స్వరమునకును నడుమనున్న నిశ్శబ్దమే భయమును పెంచును.

భయమును పాటగా కట్టుట హీనమైన పనియా? భరతముని అట్లనలేదు. నాట్యశాస్త్రము ఎంచిన ఎనిమిది రసములలో భయానకమును శృంగార కరుణములతో సమముగా పీట వేసికొని కూర్చున్నది; భయము దానికి స్థాయీభావము. ఈ యువకులకు శాస్త్రము తెలియదు గాని లోకము తెలియును. తాము సాధన చేయుచున్న చోటికి ఎదుటనున్న సినిమాహాలులో, జనులు డబ్బిచ్చి భయపడుటకై బారులు తీరుటను గమనించి, మనుజునకు ఈ రసము మీద కూడ ఆకలి కలదని వారు తెలిసికొనిరి. ఇటలీ దర్శకుడు మారియో బావా 1963లో తీసిన భయానక చిత్రము పేరునే తమ బృందమునకు పెట్టుకొనిరి. ఒక రాత్రి మంచము కొసన నల్లని ఆకారము నిలిచినట్లు బట్లర్‌కు తోచిన అనుభవమే మొదటి పాటకు వస్తువు. ఆ పాటలో మాటలాడునది పిశాచమును కొలుచువాడు కాదు. దానిని చూచి వణకి, దైవసహాయమునకై ఆక్రోశించువాడు. గజేంద్రుని మొఱ విని పెరిగిన తెలుగు పాఠకునకు, భయము పరాకాష్ఠనందిన చోట ఆర్తి పుట్టుట క్రొత్త సంగతి కాదు. ఇంతకును ఆ నలుగురు మెడలలో ధరించిన సిలువలు, తాను కూడ కార్మికుడైన ఆస్‌బోర్న్ తండ్రి తన చేతులతో లోహమును మలచి చేసియిచ్చినవి.

ఈ సత్యములను ప్రచురణకర్తల అలంకరణ మఱుగుపరచెను. పలు సంస్థలు త్రోసిపుచ్చిన ఆ టేపును వెర్టిగో స్వీకరించుట మెచ్చదగినదే. థేమ్స్ తీరమున ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని మేపుల్‌డర్హమ్ నీటిమర ముందు నల్లని దుస్తులలో నిలిచిన ఒక స్త్రీని, ఇన్‌ఫ్రారెడ్ ఫిల్ము చూపు అసహజ వర్ణములలో ఛాయాచిత్రకారుడు కీఫ్ తీసిన అట్టబొమ్మ కళాఖండమే. కాని అట్టలోపల తలక్రిందులైన సిలువను ముద్రించుట బృందము నడిగి చేసినది కాదు. ఆ చిహ్నమును చూచినవారు పాటను వినకమునుపే తీర్పు వ్రాసికొనిరి. సంగీత విమర్శకులు సైతము ఆదరింపలేదు: రోలింగ్ స్టోన్ పత్రికలో లెస్టర్ బాంగ్స్, విలేజ్ వాయిస్ పత్రికలో రాబర్ట్ క్రిస్ట్‌గౌ దీనిని తీసిపారవేసిరి. వారి దృష్టిలో ఇది మొరటు మ్రోత, పూర్వపు బ్లూస్ బృందములకు చౌకబారు అనుకరణము.

శ్రోతలు వేరుగా వినిరి. రేడియోలో అంతగా వినబడకున్నను, ఊరూర వాయించుటచేతను నోటిమాటచేతను ఆల్బము బ్రిటను పట్టికలో 8వ స్థానమునకు, అమెరికాలో 23వ స్థానమునకు ఎగబ్రాకెను. అదే సంవత్సరము సెప్టెంబరులో వెలువడిన రెండవ ఆల్బము ‘పారనాయిడ్’ బ్రిటనులో అగ్రస్థానము నందెను. లెస్టర్ బాంగ్సే రెండేండ్లకు క్రీమ్ పత్రికలో ఈ బృందమును గూర్చి సహృదయతతో దీర్ఘవ్యాసము వ్రాసెను. విమర్శకుడు తన చెవిని తానే సరిదిద్దుకొనుట విమర్శ వృత్తికి గౌరవము తెచ్చు పని. బర్మింగ్‌హామ్ నగరము 2019లో తన నడిబొడ్డునున్న కాలువ వంతెనకు వీరి పేరు పెట్టెను. 2025లో నలుగురికిని నగరపు పౌరగౌరవము నొసగెను. ఆ యేడు జులై 5వ తేదీన, ఆస్టన్‌లోని విల్లా పార్కు మైదానమున, నలుగురును కలిసి కడపటిసారి వాయించిరి; అదే నెల 22వ తేదీన ఆస్‌బోర్న్ కన్నుమూసెను. అంతిమయాత్ర ఆ వంతెన మీదుగా సాగుచుండగా వీధులలో క్రిక్కిరిసిన జనమున, పత్రికల మెప్పును కనిపెట్టుకొని ఈ సంగీతమును ప్రేమించినవారు ఎవ్వరును ఉండరు.

ఈ కథ దూరదేశపుదే గాని అందలి పాఠము మన ఇండ్లకు దూరము కాదు. గాడ్‌లెస్ వంటి మెటల్ బృందములు మన హైదరాబాదు నుండియే వెలువడుచున్నవి. చెవులకు యంత్రములు తగిలించుకొని ఈ ఘోషలో మునిగియున్న కొడుకును, కూతురును చూచి ‘ఇదేమి గోల’ యని విసుగుకొను తలిదండ్రులు నాకు తెలియును. రుచి ఎవరి సొత్తు వారిది. నచ్చనిదానిని నచ్చినదనుమని నేను కోరను. కాని తిరస్కరించుటకు ముందు రెండు ప్రశ్నలు వేసికొనుట పెద్దరికపు ధర్మము: ఈ నాదము ఏ బ్రతుకు నుండి పుట్టినది, దీనియందు ఎంత సాధన ఇమిడియున్నది? ఈ రెండింటికిని సమాధానము వెదకిన పిమ్మట చెప్పు తీర్పు, అది వ్యతిరేకమే యైనను, ఆ బిడ్డలు గౌరవింతురు. వెదకకుండ చెప్పు తీర్పునకు, 1970లో ఆ విమర్శకుల మాటకు పట్టిన గతియే పట్టును. ముప్పదియెనిమిది నిమిషముల ఆ ఆల్బమును ఒక సాయంకాలము పిల్లల ప్రక్కన కూర్చుండి, మొదటినుండి తుదివరకు వినుడు. ఆ పిమ్మట మీ అభిప్రాయమును వారికి నిర్భయముగా చెప్పుడు, వారి అభిప్రాయమును కూడ అంతే ఓర్పుతో ఆలకింపుడు.