ఏ నూనె? ఎంత?

పీ-హెచ్ చార్ట్ గీసి మార్కులు కొట్టేస్తాం గానీ, అందులో నూనె ఎక్కడా కనపడదు. కారు ఏసీ కంప్రెసర్‌ని బతికించేది మాత్రం అదే. అది గ్యాస్‌తో పాటు సిస్టమంతా తిరుగుతుంది. అందుకే కంప్రెసర్ మార్చేటప్పుడు పాతదాంట్లోంచి ఎంత దిగిందో, కొత్తదాంట్లో ముందే ఎంత ఉందో కొలవాలి. "అందాజాగా పోసేద్దాం" అంటే కుదరదు. తక్కువైతే కంప్రెసర్ పట్టేస్తుంది, ఎక్కువైతే చల్లదనం తగ్గుతుంది.

రకం ఇంకా ముఖ్యం. ఆర్-134ఏ కార్లకి ఎక్కువగా పీఏజీ నూనె వాడతారు. అందులోనూ 46, 100, 150 అని చిక్కదనాలు వేరు. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లలో చాలావాటికి పీఓఈ. వాటిలో మోటారు కంప్రెసర్ లోపలే ఉంటుంది; పీఏజీ కలిస్తే ఇన్సులేషన్ దెబ్బతిని షాక్ కొట్టే ప్రమాదం ఉంది.

మెకానిక్ అన్నని రేటొక్కటే అడిగి ఊరుకోవద్దు. "ఏ నూనె, ఎన్ని మిల్లీలీటర్లు?" అని కూడా అడుగుదాం. మన చదువు పనికొచ్చేది అక్కడే.