పెద్దపండుగయు పందెపు బరియు

ధనుర్మాసము సగము గడచినది మొదలు తాటిపాక కూడలియందు సందడి హెచ్చును. ఒకవైపు చించినాడ వంతెన దాటియు, వేరొకవైపు బోడసకుర్రు వంతెన దాటియు వచ్చు కార్లతో దారులు నిండును. హైదరాబాదు, బెంగుళూరు నగరములయందు కొలువులు చేయు బిడ్డలును, క్రొత్త యల్లుండ్రును ఇండ్లు చేరుదురు. బట్టల యంగళ్లు, మిఠాయి యంగళ్లు క్రిక్కిరిసి యుండును. ఇది చూచి పండుగ వర్తకమై చెడిపోయెనని నిట్టూర్చువారు కలరు. వారితో మేము ఏకీభవింపజాలము. అంగడి లేని తీర్థమును మన పెద్దలు ఎన్నడును చూచి యెరుగరు.

సంక్రాంతి కోతల పండుగ. గాదె నిండిన పిదప ధాన్యము ఒక చేతినుండి మరియొక చేతికి నడచుట దాని లక్షణము. హరిదాసు పాత్ర, గంగిరెద్దులవాని జోలె, బుడబుక్కలవాని సంచి, గ్రామవృత్తులవారి మేరలు అన్నియు ఆ ధాన్యముతోడనే నిండెడివి. పిచ్చుకలకు సైతము వరికంకుల కుచ్చులు చూరునకు వ్రేలాడగట్టుదురు. నేడు ధాన్యమునకు మారుగా రూపాయి నడచుచున్నది. 2023లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆత్రేయపురము పూతరేకులు అమ్ముడుపోయిన, రేకు తీయు స్త్రీకి నాలుగు రాళ్లు దక్కును. బండారులంక చీర కొన్న, మగ్గము ఆడును. భోగి పిడకలు అట్టపెట్టెలలో నగరములకు పోవుట మాకు వింతగా దోచుచున్నది గాని, అందుచే ఎవరి కొంపయు మునుగదు.

కొంపలు మునుగుచున్న చోటు వేరు. భీమవరము పరిసరములు మొదలు కోనసీమ వరకు ఈ మూడు దినములు కోడిపందెముల బరులు వెలయుచున్నవి. ఒకప్పుడు ఊరిచివర నాలుగు జతల కోళ్లతో ముగిసిన వినోదమునకు నేడు డేరాలు, రేయిని పగలుచేయు దీపములు, పెద్ద తెరలు వచ్చినవి. ప్రక్కనే గుండాట బల్లలు, పేకాట, మద్యము. కాలికి కత్తి కట్టిన కోడి యొక నెపము మాత్రమే; అసలు వర్తకము జూదము. పూతరేకుల సొమ్ము ఊరిలో తిరుగును. బరిలోని సొమ్ము, ఏడాది కష్టించిన కౌలురైతు జేబునుండి లేచి, పండుగ మరునాటికి ఊరు దాటిపోవును. వెనుక మిగులునది ఇంటిలోని యాడువారి కన్నీరు, తాకట్టునకు పోయిన నగలు.

సంప్రదాయమని వాదించువారు పలనాటి కథను ముందునకు తెత్తురు. ఆ కథలో పందెమోడిన మలిదేవాదులు ఏడేండ్లు రాజ్యము విడిచిపోవలసి వచ్చెననియు, ఆ వైరము కారెమపూడి యుద్ధమునకు దారితీసెననియు వారు ఏల మరతురో తెలియదు.

చట్టము లేదా యన్న, కలదు. జంతువులను పోరునకు పురికొల్పుట 1960 నాటి జంతుహింసా నివారణ చట్టముచే నేరము. జూదమునకు 1974 నాటి చట్టము కలదు. 2016 డిసెంబరులో హైదరాబాదునందలి ఉన్నత న్యాయస్థానము ఈ పందెములను అరికట్టుడని అధికారులను ఆదేశించినది. ఏటేట హెచ్చరిక పత్రములు అంటింపబడుచున్నవి. ఏటేట భోగినాడు బరులు తెరువబడుచున్నవి. పలుకుబడి గలవారు ముందు వరుసలో కూర్చుండగా కానిస్టేబు లేమి చేయగలడు?

కాని బరి ఆకాశమున వెలయదు గదా! దానికి నేల కావలెను. ఆ నేల యెవరో యొక రైతుది. మా పాఠకులలో భూస్వాములు పెక్కురు గనుక ఈ మాట వారితోడనే చెప్పవలసియున్నది.

ఇదే కోనసీమయందు అంబాజీపేట మండలము మొసలపల్లిలోని జగ్గన్నతోటను చూడుడు. కనుమనాడు అచట పదునొకండు గ్రామముల రుద్రులు కూడుదురు. వెదుళ్లతో కట్టి, రంగువస్త్రములు చుట్టి, గంటలు కట్టిన ప్రభలను యువకులు “అశ్శరభ శరభ” యని భుజములపై మోసుకొని వత్తురు. గంగలకుర్రు ప్రభలు కౌశిక దాటి వచ్చును. వ్యాఘ్రేశ్వరుని ప్రభ రాగానే తక్కినవానిని పైకెత్తి గౌరవింతురు. 2023 గణతంత్ర దినోత్సవమున ఢిల్లీలో ఆంధ్రప్రదేశ్ శకటమై నడచినది ఈ తీర్థమే. దారిలో పచ్చని చేలుండును; ప్రభ వాని నడుమనుండియే పోవును. పైరు నలిగినను రైతు అడ్డుపడడు, నష్టపరిహారమడుగడు. స్వామి తన చేలో అడుగిడెనని సంతసించును. అదే పండుగకు వేరొక రైతు మూడు దినముల యద్దె కాశపడి తన చేనును జూదరులకు అప్పగించుచున్నాడు.

ఈ యద్దె బేరములు భోగినాడు కుదురునవి కావు. నూర్పిళ్లు ముగిసి చేలు ఖాళీపడిన దినములలోనే మధ్యవర్తులు వచ్చి బయానా లిచ్చిపోవుచున్నారు. కావున ఊరి పెద్దలు ధనుర్మాసారంభముననే కూడి, తమ గ్రామమున నెవ్వరును బరికి నేల ఇయ్యరాదని కట్టుబాటు చేసికొనవలెను. ఆ కట్టుబాటునకు మొట్టమొదట చేవ్రాలు చేయవలసినవారు హెచ్చు భూమి గలవారు. డేరాలు లేచిన పిదప పోలీసులను దూరిన ఫలము లేదు.