ఆదివారం తర్వాతి ఆరు రోజులు

వాషింగ్టన్ డి.సి.లో కొలంబియా రోడ్డు మీద క్రైస్ట్ హౌస్ అనే భవనం ఉంది. దాని వాకిట్లో ఒక కంచు విగ్రహం. మోకాళ్ల మీద కూర్చుని, పక్కన నీళ్ల పాత్ర పెట్టుకుని, ఎదుటివారి కాళ్లు కడగడానికి చేయి చాచిన యేసు. మామూలుగా చర్చి లోపల, బలిపీఠం దగ్గర చూసే విగ్రహం అక్కడ వీధి వైపు తిరిగి ఉంది. ఆ దారిన పనికి వెళ్లేవాళ్లు, బస్సు కోసం నిలబడ్డవాళ్లు, రాత్రి ఎక్కడ తలదాచుకోవాలో తెలియనివాళ్లు అందరూ దాన్ని దాటుకుంటూనే వెళ్తారు.

దాన్ని మలిచిన శిల్పి జిమిలూ మేసన్. ఆమె సభ్యురాలిగా ఉన్న సంఘం పేరు చర్చ్ ఆఫ్ ద సేవియర్. వర్జీనియా, మేరీలాండ్‌లలో స్థిరపడిన తెలుగువాళ్లలో ఈ పేరు విన్నవాళ్లు తక్కువే. ఆ సంఘం పెద్ద గోపురం లేపలేదు, వేలమందిని పోగు చేయలేదు. ఒకే సంఘంగా ఉన్నన్నాళ్లూ నూటయాభై మందికి అటూ ఇటూగా ఉన్న చిన్న సంఘం అది. అయినా పేదలకు ఇళ్లు, రోగులకు ఆసుపత్రి, నిరుద్యోగులకు పని, అనాథలకు కుటుంబం... ఈ నగరంలో వీటికోసం పుట్టిన ఎన్నో సంస్థల మూలాలు వెతికితే ఆ సంఘం దగ్గరికే చేరతాం. క్రిస్మస్ ముందు వెలువడే ఈ సంచికలో దాని గురించి రాయడానికి కారణం అదే.

సంఘాన్ని మొదలుపెట్టిన గోర్డన్ కాస్బీ గారిది వర్జీనియాలోని లించ్‌బర్గ్. రెండో ప్రపంచ యుద్ధంలో 101వ ఎయిర్‌బోర్న్ డివిజన్‌కు చాప్లిన్‌గా, అంటే సైనికుల పాస్టరుగా, నార్మండీలో పనిచేశారు. చావు ఎదురుగా నిలబడ్డ వేళ, చిన్నప్పటి నుంచీ చర్చికి వెళ్తూ వచ్చిన కుర్రాళ్లకు కూడా ఆ విశ్వాసం అక్కరకు రాకపోవడం ఆయన కళ్లారా చూశారు. హాజరు పట్టీలో పేరుంటే చాలదని ఆయనకు అక్కడ అర్థమైంది. యుద్ధం నుంచి తిరిగొచ్చి, భార్య మేరీ గారితో కలిసి, 1947లో తొమ్మిది మంది సభ్యులతో సంఘాన్ని స్థాపించారు.

ఆ సంఘంలో చేరడం తేలిక కాదు. చేరాలనుకున్నవాళ్లు ముందు తరగతులకు వెళ్లాలి. రోజూ ప్రార్థనకు, వాక్య పఠనానికి సమయం కేటాయించాలి. సంపాదనలో పదో వంతుతో మొదలుపెట్టి కానుక ఇవ్వాలి. ఒకసారి చేరితే జీవితాంతం సభ్యుడే అన్న మాట లేదు. ఏడాదికోసారి ప్రతి సభ్యుడూ తన ప్రమాణాన్ని మళ్లీ చెప్పాలి, మనసు ఒప్పకపోతే తప్పుకోవాలి. అన్నిటికన్నా ముఖ్యమైన నియమం ఇంకోటి ఉంది. ప్రతి సభ్యుడూ ఒక పరిచర్య బృందంలో ఉండాలి.

ఈ బృందాలు నడిచే తీరు తెలుసుకోదగ్గది. సంఘ కమిటీ కూర్చుని పనుల జాబితా రాసి మనుషులకు పంచిపెట్టదు. సభ్యుల్లో ఎవరికైనా ఫలానా అవసరం గుండెను పట్టుకుంటే ఆదివారం లేచి ఆ సంగతి అందరికీ చెబుతారు. మరో ఇద్దరు ముగ్గురు "మేమూ వస్తాం" అంటే బృందం పుడుతుంది. ఎవరూ రాకపోతే ఆ పని అక్కడితో ఆగుతుంది. బృందంలో పదిహేను మందికి మించరు. వారానికోసారి కలుస్తారు, కలిసి ప్రార్థిస్తారు, చేస్తున్న పని గురించి ఒకరికొకరు జవాబు చెప్పుకుంటారు. పని తీరిపోయినా, పిలుపు చల్లారినా బృందాన్ని ముగించేస్తారు. పేరు నిలబెట్టడం కోసం ఖాళీ కుర్చీలతో మీటింగులు నడపరు.

1960లో అదే కొలంబియా రోడ్డు మీద ఒక బృందం పాటర్స్ హౌస్ పేరుతో కాఫీ హోటల్ తెరిచింది. చర్చి గుమ్మం తొక్కనివాళ్లు కూడా కాఫీ తాగడానికి వస్తారు, మాట్లాడతారు అన్నది ఆలోచన. వారంలో ఒక్కో రాత్రి ఒక్కో బృందం వంతు. పగలు ఆఫీసుల్లో పనిచేసేవాళ్లు రాత్రి కప్పులు అందించి, బల్లలు తుడిచేవాళ్లు. ఇలా వినడానికి కూర్చున్నవాళ్లకు చుట్టుపక్కల జనం బాధలు తెలిశాయి. ఆ తర్వాత వచ్చిన పనులన్నిటికీ అక్కడి బల్లలే పునాది.

నగరం నడిపే జూనియర్ విలేజ్ అనే అనాథాశ్రమంలో వందలాది మంది పిల్లలు కిక్కిరిసి ఉండేవారు. వాళ్లకు కుటుంబాల నీడ దొరకాలని 1965లో సంఘం సభ్యులు ఫర్ లవ్ ఆఫ్ చిల్డ్రన్ అనే సంస్థను మొదలుపెట్టారు. ఒకవైపు పిల్లలకు పెంపుడు ఇళ్లు వెతికారు, మరోవైపు నగర ప్రభుత్వాన్ని నిలదీశారు. 1973లో జూనియర్ విలేజ్ మూతపడింది. పిల్లలకు పండక్కి బట్టలు, బొమ్మలు పంచి ఫొటోలు దిగి వచ్చేస్తే ఆ పని ఒక్క మధ్యాహ్నంలో అయిపోయేది. వీళ్లు ఎనిమిదేళ్లు పట్టుబట్టి ఉన్నారు.

ఇళ్ల సంగతి ఇంకా పెద్దది. మార్టిన్ లూథర్ కింగ్ హత్య తర్వాత, 1968 ఏప్రిల్‌లో చెలరేగిన అల్లర్లలో పాటర్స్ హౌస్ ఉన్న పేటకు దగ్గర్లోని 14వ వీధి కాలిపోయింది. ఉన్న పాత అపార్ట్‌మెంట్లు నానాటికీ పాడుబడ్డాయి. పాటర్స్ హౌస్ బృందంలోని కొందరు స్త్రీలు రిట్జ్, మొజార్ట్ అనే రెండు భవనాలను కొని బాగుచేయాలని పట్టుబట్టారు. చేతిలో డబ్బు లేదు, కట్టడాల అనుభవమూ లేదు. మనవాళ్లు ఎందరో కాపురముంటున్న మేరీలాండ్ కొలంబియా నగరాన్ని కట్టించిన జేమ్స్ రౌస్ గారి దగ్గరికి వెళ్లారు. ముందు వద్దని చెప్పిన ఆయనే, వాళ్ల పట్టుదల చూసి, కొనడానికి దారి చూపించారు. 1973లో జూబిలీ హౌసింగ్ ఏర్పడింది. ఆ రెండు భవనాల్లో కలిపి తొమ్మిది వందలకు పైగా గృహ నిబంధనల ఉల్లంఘనలు ఉన్నాయి. స్వచ్ఛంద సేవకులు యాభై వేల గంటలు పనిచేసి వాటిని సరిచేశారు. చెత్త ఎత్తారు, గోడలు గీకారు, రంగులు వేశారు. అద్దెకున్న కుటుంబాలను బయటికి పంపకుండానే ఇదంతా జరిగింది. ఈ అనుభవంతోనే రౌస్ దంపతులు 1982లో ఎంటర్‌ప్రైజ్ అనే సంస్థను పెట్టారు. అది అమెరికా అంతటా పేదల ఇళ్ల కోసం ఇవాళ్టికీ పనిచేస్తోంది.

ఇల్లు దొరికినా అద్దె కట్టాలంటే పని ఉండాలి. అందుకని 1981లో జూబిలీ జాబ్స్. జబ్బు చేస్తే చూపించుకునే చోటు ఉండాలి. దానికోసం అంతకుముందే ఒక క్లినిక్ వెలిసింది. ఆ క్లినిక్‌లో పనిచేసిన డాక్టర్ జానెల్ గెట్కియస్ గారు భర్తతో కలిసి పాకిస్తాన్‌లో వైద్య సేవకు బయలుదేరినవారు. వీసా కోసం ఎదురుచూస్తూ వాషింగ్టన్‌లో ఆగారు. అమెరికా రాజధానిలోనే డాక్టరు మొహం చూడని జనం ఇంతమంది ఉన్నారని తెలిశాక ఇక్కడే ఉండిపోయారు.

ఆసుపత్రి వాళ్లు డిశ్చార్జి రాసి పంపేసిన మనిషికి ఇల్లే లేకపోతే ఏమవుతుంది? ఆపరేషన్ కుట్లు ఆరలేదు, మధుమేహంతో కాలికి పుండు. రాత్రి షెల్టర్‌లో పడుకోనిస్తారు, తెల్లారగానే ఖాళీ చేయమంటారు. ఇన్సులిన్ పెట్టుకోవడానికి ఫ్రిజ్ లేదు, కట్టు మార్చుకోవడానికి శుభ్రమైన చోటు లేదు. వారం తిరక్కముందే మళ్లీ అత్యవసర విభాగానికి. ఈ చక్రాన్ని గెట్కియస్ గారు, ఆమెతో ఉన్నవాళ్లు రోజూ చూశారు. 1985 క్రిస్మస్ ముందు రాత్రి క్రైస్ట్ హౌస్ తలుపులు తెరిచారు. ముప్పైకి పైగా పడకలు, ఇరవై నాలుగు గంటలూ నర్సులు, రోగి కోలుకునే దాకా మూడు పూటలా భోజనం. వైద్యులు తమ కుటుంబాలతో సహా అదే భవనం పై అంతస్తులో కాపురం పెట్టారు. రోగుల కోసం వండిన అన్నమే డాక్టర్ల పిల్లలకూ కంచంలోకి వచ్చేది. అలా అక్కడ ఉన్న డేవిడ్ హిల్ఫికర్ అనే డాక్టరు, ఎయిడ్స్‌తో వీధిన పడ్డ మగవాళ్ల కోసం 1990లో జోసెఫ్స్ హౌస్ ప్రారంభించి, కుటుంబంతో అక్కడికి మారారు.

ఇన్ని పనులు పెరిగాక ఏ సంఘమైనా తన పేరు మీద ఒక మహాసంస్థను కట్టుకోవాలనుకుంటుంది. కాస్బీ గారి సంఘం దానికి ఎదురు దారి పట్టింది. 1970ల నడిమికి ఒకే సంఘంగా ఉన్నది తనకు తానే చిన్న చిన్న సంఘాలుగా విడిపోయింది. ఒక్కోదానికీ దాని ఆరాధన, దాని పరిచర్య. జూబిలీ హౌసింగ్ లాంటి సంస్థలకు సొంత బోర్డులు, సొంత లెక్కలు. స్థాపకుల మాట కోసం ఎదురుచూడకుండా అవి తమ కాళ్ల మీద నిలబడ్డాయి. కాస్బీ గారు 2013 మార్చిలో, తొంభై అయిదేళ్ల వయసులో కన్నుమూశారు. చివరి రోజులు గడిపింది క్రైస్ట్ హౌస్‌లోనే.

చర్చి గోడలు దాటిన పరిచర్య తెలుగు నేలకు కొత్త కాదు. 1876–78 ధాత కరువులో ఒంగోలు ప్రాంతం అల్లాడుతున్నప్పుడు, అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ గారు బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి పని ఇచ్చారు. కూడు కోసం మతం మారారన్న మాట రాకూడదని, సహాయం సాగినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశారు. గుంటూరులో డాక్టర్ అన్నా కుగ్లర్ గారి కథ ఇంకా దగ్గరిది. పెన్సిల్వేనియా నుంచి 1883లో వచ్చిన ఆమెను లూథరన్ మిషన్ బోర్డు మొదట వైద్యురాలిగా పంపడానికి ఒప్పుకోలేదు, ఉపాధ్యాయురాలిగా పంపింది. ఇంటింటికీ వెళ్లి పాఠాలు చెబుతూనే వైద్యం మొదలుపెట్టారు. 1898కి గుంటూరులో స్త్రీల ఆసుపత్రి లేచింది. మందుకు మతం అడ్డు రాలేదు. తన కుటుంబంలో ఆమె వైద్యం చూసిన ఏలూరు రాజా గారు, రోగుల బంధువులు వండుకుని ఉండటానికి ఆసుపత్రి దగ్గర సత్రం కట్టించారు. హిందూ జమీందారు సత్రం, క్రైస్తవ వైద్యురాలి ఆసుపత్రి ఎదురెదురుగా ఒకే రోగికి ఆసరా అయ్యాయి.

ఒకప్పుడు పెన్సిల్వేనియా నుంచి గుంటూరుకు వచ్చిన సేవ ఇది. ఇవాళ గుంటూరు, ఒంగోలు, నెల్లూరు, మెదక్ నుంచి వచ్చిన విశ్వాసులు అమెరికా నగరాల్లో తెలుగు సంఘాలు నడుపుకుంటున్నారు. చాలా సంఘాలకు సొంత భవనం లేదు. అమెరికన్ చర్చిలో వాళ్ల ఆరాధన అయ్యాక, మధ్యాహ్నం అదే హాల్లో కీబోర్డు, తబలా సర్దుకుని తెలుగు పాటలు పాడుకుంటారు. తర్వాత చికెన్ కూర, పప్పు, పెరుగన్నంతో భోజనాలు. ఊరికి దూరమై, మాట పంచుకునే మనిషి లేక కుంగిపోయిన ఎందరినో ఆ రెండు గంటలు నిలబెడుతున్నాయి. సొంత భవనం కోసం కానుకలు పోగుచేసుకోవడంలోనూ తప్పు లేదు.

అయితే ఆ సంపాదన, ఆ శ్రమ, ఆ ప్రేమ మొత్తం ఆదివారం మధ్యాహ్నంలోనే ఖర్చయిపోతే బాధగా ఉంటుంది. ఈ మాట చర్చిలకే కాదు, దేవాలయాలకూ, ఈ పత్రికను నడిపే అసోసియేషన్‌కూ వర్తిస్తుంది. స్వదేశంలో మన ఊరి బడికి, ఆసుపత్రికి డబ్బు పంపడంలో ప్రవాసాంధ్రులు ఎప్పుడూ ముందున్నారు. అకస్మాత్తుగా ఎవరైనా చనిపోతే దేహాన్ని ఊరికి చేర్చడానికి రాత్రికి రాత్రి విరాళాలు పోగవుతాయి. పన్ను కట్టి, పిల్లల్ని చదివిస్తూ, ఇరవై ముప్పై ఏళ్లుగా మనం బతుకుతున్న ఈ ఊరి పేదవాడు మాత్రం మనకు ఇంకా పరాయివాడిగానే మిగిలాడు.

దీనికి తీరిక లేదన్న జవాబు వినిపిస్తుంది. అది అబద్ధం కాదు. రెండు ఉద్యోగాల ఇళ్లలో వారాంతం బట్టలకీ, సరుకులకీ, పిల్లల క్లాసులకీ చాలదు. కాస్బీ గారి సంఘం అనుభవం ఇక్కడ పనికొస్తుంది. వాళ్లు అందరితో అన్నీ చేయించలేదు. ఒక అవసరానికి ఒక చిన్న బృందం, ఆ బృందానికి వారంలో ఒక సాయంత్రం. సేవ ముసుగులో మతప్రచారం చేస్తారేమోనన్న అనుమానం కూడా కొందరికి ఉంటుంది. ఒంగోలులో బాప్తిస్మాలు ఆపిన క్లౌ గారి జాగ్రత్తే దానికి తగిన జవాబు. అన్నం పెట్టేచోట షరతు పెట్టకూడదు. అప్పుడు చర్చి బృందం పక్కన గుడి నుంచి వచ్చినవాళ్లు కూడా నిస్సంకోచంగా గరిటె పట్టుకోగలరు.

మొదలుపెట్టడానికి కొత్త సంస్థ అక్కర్లేదు. వర్జీనియాలోని ఫెయిర్‌ఫ్యాక్స్ కౌంటీలో చలి ముదిరిన నెలల్లో చర్చి హాళ్లు వంతులవారీగా, ఒక్కో వారం ఒక్కోటి, ఇల్లు లేనివారికి రాత్రి బసగా మారతాయి. అక్కడ సాయంత్రం వేడి భోజనం వడ్డించేవాళ్లు, పరుపులు పరిచేవాళ్లు, తెల్లవారుజామున కాఫీ, టిఫిన్ సర్దేవాళ్లు కావాలి. వంద మందికి వండిపెట్టడం మన వంటవాళ్లకు చేతనైన పనే. ఈ ప్రాంతపు తెలుగు సంఘాలు తాము ఆరాధనకు వాడుకుంటున్న చర్చి పాస్టరును ఈ ఆదివారమే అడగవచ్చు: ఈ చలికాలంలో మీ వంతు ఏ వారం, వంటకు ఎంతమంది కావాలి? అసోసియేషన్ తరఫున బియ్యం, కూరగాయలు, వండే పాత్రలు సమకూర్చడానికి కార్యవర్గం సిద్ధంగా ఉండాలని ఈ సంపాదకీయం కోరుతోంది. చేరదలచినవాళ్లు అయిదుగురు చాలు.