కథ చెప్పినవాళ్లెవరు?

నార్వే పల్లెల్లో ఒకప్పుడు దిక్కులేని ముసలివాళ్లను రైతు కుటుంబాలు వంతులవారీగా పోషించేవి. ఈ ఇంట కొన్నాళ్లు, ఆ ఇంట కొన్నాళ్లు. ‘లెగ్డ్’ అనే ఆ ఏర్పాటును 1900 నాటి చట్టం రద్దు చేసింది. అలా గడప గడపా తిరిగిన మనుషులు ఉత్త చేతులతో వచ్చేవారు కారు. వాళ్లలో కొందరి దగ్గర రాత్రంతా చెప్పినా తరగనన్ని కథలుండేవి.

చలికాలంలో మధ్యాహ్నం దాటగానే చీకటిపడే దేశమది. ఆడవాళ్లు ఉన్ని వడుకుతుంటే, మగవాళ్లు కొయ్య చెక్కుతుంటే, నిప్పు చుట్టూ కథ సాగేది. వంతెన కింద కాపువేసిన ట్రోల్ రాక్షసుడినీ, వాణ్ని ఏమార్చి, చివరికి ఓడించి దాటిన మూడు మేకపోతులనూ, అన్నలు ఎగతాళి చేసినా చివరికి రాజకుమార్తెను గెలిచే అస్కెలాడెన్‌నూ బతికించింది ఈ ఇళ్లే. సొంత భూమిలేని కూలీలు, పనిమనుషులు, ముసలమ్మలు ఎక్కువగా చెప్పిన కథల్లో గెలిచేది ఎందుకూ కొరగాడనుకున్న చిన్నవాడు. అది కాకతాళీయం కాదనిపిస్తుంది.

అస్‌బ్యోర్న్‌సెన్, యోర్గెన్ మూ అనే ఇద్దరు మిత్రులు 1841 నుంచి ఈ కథలను అచ్చువేశారు. 1814 దాకా డెన్మార్క్ ఏలుబడిలో ఉన్న నార్వేలో చదువుకున్నవాళ్లు రాసేది అప్పటికీ డేనిష్‌లోనే. ఆ రాతలోకి పల్లె మాటల నడక తెచ్చిన ఘనత వీరిది. కానీ ఆ నడక ఎవరిది? పుస్తకాల మీద సేకర్తల పేర్లే మిగిలాయి.

అస్‌బ్యోర్న్‌సెన్‌కు ఈ వెలితి తెలిసినట్టే ఉంది. 1845లోనూ 1848లోనూ తెచ్చిన సంపుటాల్లో ఆయన కథతోపాటు చెప్పే మనిషినీ నిలబెట్టాడు. ఒకచోట కాటికాపరి చెబుతాడు. మరోచోట కాలు బెణికిన వేటగాడికి మంత్రం వేయడానికి వచ్చిన బెర్తె టుప్పెన్‌హౌగ్ అనే ముసలమ్మ చెబుతుంది. వాళ్ల మాట వినిపిస్తుంది, వాళ్ల బతుకు కనిపిస్తుంది. అయినా అవి రచయిత మలిచిన పాత్రలు.

ఆ లోటు పూడ్చడానికి పూనుకున్నది యోర్గెన్ కొడుకు మోల్ట్‌కె మూ. 1878లో, పంతొమ్మిదేళ్ల వయసులో, టెలెమార్క్ ప్రాంతంలోని బ్యో గ్రామానికి వెళ్లి కథలూ పాటలూ రాసుకున్నాడు. చెప్పినవాళ్ల పేర్లు, వాళ్ల ఊళ్లు నమోదు చేయడం క్రమంగా సేకర్తలకు పద్ధతిగా మారింది. ఆయన పోయాక, 1914లో, ఆయన సేకరణే పునాదిగా నార్వే జానపద భాండాగారం ఏర్పడింది.

జానపద కథను అచ్చుకు పంపేవారికి మా విన్నపం ఒక్కటే: చెప్పినవారు ఒప్పుకుంటే వారి పేరూ ఊరూ కథతోపాటు రాసి పంపండి.