నీరు లేని సీమలో పడవ ఇంజను

తనకల్లులో పడవ ఇంజన్ల గురించి వ్యాసమేమిటని పాఠక మహాశయులకు సందేహం కలగడం సహజం. సాలుకు సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వర్షం, అదీ నమ్మకం లేని వర్షం, కురిసే సీమ మనది. పాపాఘ్నిలో నీరు పారిన రోజులకన్న ఇసుక మెరిసిన రోజులే ఎక్కువ. అయినప్పటికీ, వేగంగా పోయే పడవలకు బిగించే టర్బో ఇంజనుకు అతి సమీప బంధువు ఒకటి వేసవి వచ్చిందంటే మన పొలాల గట్ల మీద రాత్రింబవళ్లు గర్జిస్తూనే ఉంటుంది. అది బోరు బండి మీద కంప్రెసరును తిప్పే డీజిలు ఇంజను. ఈ బంధుత్వాన్ని మన కళాశాల గుర్తించాలని, గుర్తించి చదువులో భాగం చేయాలని మా వాదన.

ఇంజనులో డీజిలు ఎంత మండగలదన్నది లోపలికి పోయే గాలిని బట్టి ఉంటుంది. మామూలు ఇంజను తాను పీల్చుకొన్న గాలితోనే సరిపెట్టుకొంటుంది. టర్బో ఇంజనులో, పొగగొట్టం గుండా వృథాగా పోవలసిన వేడి వాయువులు ఒక చిన్న చక్రాన్ని తిప్పుతాయి. అదే ఇరుసుకు రెండవ కొసన ఉన్న మరొక చక్రం బయటి గాలిని అదిమి సిలిండర్లలోకి పంపుతుంది. చిన్న టర్బోలలో ఆ ఇరుసు నిమిషానికి లక్ష చుట్లకు పైగా తిరుగుతుంది. పారవేసిన దానితోనే పని చేయించుకొనే ఈ ఉపాయానికి స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బ్యూహి 1905లో పేటెంటు పొందాడు. కార్లకన్న ముందే అది ఓడలకు అక్కరకు వచ్చింది. 1923లో జర్మను ప్రభుత్వం ‘ప్రొయిసెన్’, ‘హన్సెస్టాట్ డాంజిగ్’ అనే రెండు ప్రయాణికుల ఓడల కోసం ఇట్టి ఇంజన్లు చేయించగా, 1,750 అశ్వశక్తి గల యంత్రం 2,500 అశ్వశక్తి ఇచ్చింది. మన రాష్ట్రంలోనే, విశాఖపట్నం హిందుస్థాన్ షిప్‌యార్డులో తయారై 2012లో తీరరక్షక దళంలో చేరిన ‘రాణీ అబ్బక్క’ గస్తీ నౌకను నడిపేవి కూడ టర్బో డీజిలు ఇంజన్లే.

వేగపు పడవ ఇంజను కారు ఇంజను వంటిది కాదు. కారుకు దిగుడు వాలు దొరుకుతుంది, ఊరు వచ్చిన చోట విశ్రాంతి దొరుకుతుంది. నీటికి వాలు లేదు. పడవ వేగంగా పోవాలంటే నీటిని చీల్చుకొనడం మాని నీటి మీదికి లేచి జారాలి; బరువు తక్కువ, బలం ఎక్కువ అయిన ఇంజను ఉంటే తప్ప అది లేవదు. లేచిన తరువాతనూ ప్రయాణం ముగిసేదాకా పూర్తి భారమే. బోరు బండి మీది ఇంజను గతి కూడ ఇంచుమించు ఇదే. వందల అడుగుల లోతున రాతిని కొట్టే హామరుకు గాలి అందించాలి, ఆ గాలితోనే రాతిపొడిని పైకి ఊదాలి. గొట్టం మీద గొట్టం దిగుతున్నంతసేపూ దానికి ఊపిరి తిరగదు. కనుకనే రెండింటికీ కావలసిన జాగ్రత్తలు ఒక్కటే. పిస్టన్లకు అడుగునుండి నూనె చిమ్మి చల్లబరచాలి. అదిమినప్పుడు వేడెక్కిన గాలిని సిలిండరులోకి పంపేముందు చల్లార్చాలి. పడవలో ఆ పని సముద్రపు నీరు చేస్తుంది, ఇక్కడ ఫ్యాను గాలి చేస్తుంది. అక్కడ ఉప్పు శత్రువు, ఇక్కడ దుమ్ము శత్రువు. ఒక్క భేదం మాత్రం ఉన్నది. బోరు ఇంజను నిలకడగా ఒకే వేగంతో తిరుగుతుంది. పడవ ఇంజను నిదానంగా ఉన్న స్థితి నుండి ఒక్కుమ్మడిగా పుంజుకోవాలి, అప్పటికి టర్బో ఇంకా వేగం అందుకొని ఉండదు. ఆ కొద్ది క్షణాల జాగును తగ్గించడమే పడవ ఇంజను నిర్మాతకు అసలు పరీక్ష.

ఇందులో సగానికి పైగా మన సీమ మెకానిక్కులకు తెలిసిన విద్యయే. వారి షెడ్లలో ఉర్దూ, తెలుగు కలిసి కాపురం చేస్తున్నాయి. ‘పానా’ అందించమని ఉస్తాదు అడిగితే దానికి తెలుగు మాట వెతికేవారు లేరు. వేడి మీద ఉన్న టర్బో ఇంజనును ఒక్కసారిగా ఆపరాదని, కొన్ని నిమిషాలు నిదానంగా తిరగనివ్వాలని ప్రతి షాగిర్దూ ఎరుగును. ఎందుకని అడిగితే కొందరే చెప్పగలరు: ఇంజను ఆగితే నూనె ఆగుతుంది, నూనె ఆగితే ఆ వేడికి బేరింగులో మిగిలినది మాడి గట్టిపడుతుంది. తరగతి గదిలోనేమో ఉష్ణగతి శాస్త్రపు సూత్రాలను పొల్లుపోకుండ వ్రాసి, టర్బోను కంటితో చూడని పట్టభద్రులు తయారవుతున్నారు. ఉస్తాదు కుమారుడు, ఆ పట్టభద్రుడు ఒకే బెంచీ మీద కూర్చొనియు ఒకరి విద్య ఒకరికి అందకపోవడం మాకు బాధ కలిగిస్తున్నది. 1206లో అల్ జజరీ తన యంత్ర గ్రంథాన్ని పూర్తి చేసినప్పుడు, నీటిని తోడే రెండు సిలిండర్ల పంపును అందులో వర్ణించాడు. చేత్తో చేసినవాడే కలంతో వ్రాశాడు.

టర్బో బిగిస్తే చాలు, బలం దానంతటదే వస్తుందనే భ్రమ కూడ ప్రబలుతున్నది. గాలి పెంచి, డీజిలు పెంచి, హెడ్ గ్యాస్కెటును, పిస్టన్లను పాతవాటినే ఉంచితే ఆ ఇంజను ఎన్నాళ్లో నిలువదు. బలం పెరిగినంత మాత్రాన ఫలం పెరగదనడానికి మన బోర్లే సాక్ష్యం. కపిలతో తోడిన నాడు అందిన నీరు ఆయిలు ఇంజను నాటికి దిగిపోయింది. నేడు వేయి అడుగులు దింపినా దుమ్మే వస్తున్నది. భూమిలో లేని నీటిని ఏ ఇంజనూ తేలేదు. కాని ఆ ఇంజనును విప్పి బిగించగల చేతులకు విశాఖలోను, కాకినాడలోను పని ఉన్నది. బోరు ఎండి అప్పులపాలైన రైతు బిడ్డకు అది చిన్న సంగతి కాదు.

కళాశాల కమిటీ వారికి మా మనవి స్వల్పమే. పనికిరాక మూలపడిన టర్బో డీజిలు ఇంజను ఒకటి తుక్కు ధరకు కొనండి. వారానికి ఒక పూట ఒక ఉస్తాదును గౌరవ వేతనంతో పిలిపించండి. ఆయన విప్పుతుండగా భౌతికశాస్త్ర అధ్యాపకులు పక్కనే నిలిచి కారణాలు చెప్పగలరు. భాగాల పేర్లు ఉర్దూలోను, తెలుగులోను గోడమీద వ్రాయించే బాధ్యత మేము తీసుకొంటాము. సైకిలు స్టాండు వెనుక రేకుల షెడ్డు ఖాళీగానే ఉన్నది.